పదకొండు గంటల పది నిమిషాలు

జనవరి 14
ఐలెర్ట్‌కి ఇవాళ గడియారం గీయడం నేర్పాను. జీవితమంతా ఫెర్రీ కెప్టెన్‌గా జనాన్ని ఫియోర్డ్ అనే సముద్రపాయ దాటించిన మనిషికి. పదకొండూ పది చూపించమంటే పెద్ద ముల్లు పది మీద పెట్టాడు. రెండు మీద పెట్టాలన్నాను. బడిపిల్లాడిలా తుడిచి మళ్ళీ గీశాడు.

మా మెమరీ క్లినిక్‌లో నేను రోజూ పెట్టే టెస్టే ఇది. అక్కడ ఒక్క హింట్ ఇచ్చినా నా ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో మొగుడికి ట్యూషన్ పెట్టాను. వచ్చే నెల ఆయనకీ ఇదే టెస్టు. అది పోతే డ్రైవింగ్ లైసెన్స్ పోతుంది. కారు లేకపోతే తన పడవ షెడ్డుకి వెళ్ళలేడు. షెడ్డు లేకపోతే ఆయన మిగలడు.

జనవరి 20
సుత్తి, చర్చి, ఉన్ని, గొర్రె, నీలం. టెస్టులో గుర్తుంచుకోవాల్సిన ఐదు పదాలూ గిన్నెలు తోముతూ అప్పజెబుతున్నాడు.

ఫిబ్రవరి 3
పాసయ్యాడు. టెస్టు పెట్టింది ఇంగ్విల్డ్, నా పక్క గది డాక్టర్. సాయంత్రం వాఫుల్స్ వేసి బ్రౌన్ చీజ్ పెట్టాను. ఆయన ఇష్టంగా తిన్నాడు. నా వాటా కూడా ఆయన ప్లేట్లోనే పెట్టేశాను.

ఫిబ్రవరి 11
స్కాన్ వచ్చింది. జ్ఞాపకాలు పట్టి ఉంచే హిప్పోకాంపస్ రెండు వైపులా కుంచించుకుపోయింది. వెన్నులోంచి తీసిన నీరూ అదే చెప్పింది. అల్జీమర్స్.

ఇంగ్విల్డ్‌కి మాత్రం ఒకటే ఆశ్చర్యం. మెదడు ఇంత పాడైతే టెస్టులో స్కోరు ఎందుకు తగ్గలేదని. కొందరికి అంతే, మెదడులో శక్తి నిల్వ ఎక్కువ, జబ్బు పైకి తెలియడానికి ఏళ్ళు పడుతుందంది. పొగమంచులో దారి వెతికిన బుర్ర కదా అని మెచ్చుకుంది. ఆయన కేసు కాన్ఫరెన్సులో చెబుతుందట. కారు నడపొచ్చని సంతకం కూడా పెట్టేసింది.

అది నిల్వ కాదు, నా ట్యూషన్ అని చెప్పడానికి నోరు తెరిచాను. కాఫీ తాగుతావా అని అడిగాను.

మార్చి 2
ఇంకా చెప్పలేదు.

మార్చి 9
షెడ్డుకని వెళ్ళినవాడు చీకటి పడ్డా రాలేదు. పాత రేవులో మా కారు చూశానని పక్కింటావిడ చెప్పింది. పరుగెత్తాను.

వంతెన కట్టినప్పటి నుంచీ అక్కడికి ఫెర్రీ రాదు. అడ్డుగొలుసు విప్పేసి, కారు నీళ్ళ అంచున పెట్టి, ఇంజన్ ఆపకుండా కూర్చున్నాడు. పక్క సీట్లోకి దూరి తాళం తిప్పేశాను.

“ఆపకు. ఫెర్రీ వచ్చేస్తోంది. వెనక ఇంతమంది ఉన్నారు,” అన్నాడు. వెనక ఎవరూ లేరు.

ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. అబద్ధం. మతి పోతున్న మనిషికి భార్యనని ఒప్పుకోవడం నాకే చేతకాలేదు. ఇవాళ కొంచెంలో ఆయన్ని చంపుకునేదాన్ని.

మార్చి 10
ఇంగ్విల్డ్‌కి అంతా చెప్పేశాను. తిట్టలేదు. 

“దాచొద్దని రోజూ ఎంతమంది భార్యలకి చెబుతావు, సున్నివా?” అంది.

తిట్టినా బాగుండేది.

మార్చి 17
కొత్త పదాలతో మళ్ళీ టెస్టు. ఆమె చెప్పినవి ఒక్కటీ గుర్తులేదు. సుత్తి, చర్చి, ఉన్ని, గొర్రె, నీలం అని గడగడా చెప్పి, నా వైపు చూసి నవ్వాడు. ఇంగ్విల్డ్ తల దించుకుంది. లైసెన్స్ పోయింది. నన్ను టెస్టుల పని నుంచి తప్పించారు. న్యాయమే.

నవంబర్ 6
పొద్దున నువ్వెవరని అడిగాడు. నేను చెప్పేలోపే, ఆవిరి పట్టిన కిటికీ మీద వేలితో గడియారం గీశాడు. పదకొండూ పది. ముళ్ళు సరిగ్గా ఉన్నాయి.

నేనేమంటానా అని చూశాడు. బాగా గీశావన్నాను.