కుక్కర్ కూత

అమ్మకు,

నేను కులాసా. ఉద్యోగం మానేస్తానని పోయిన కార్డులో ఏడ్చిన సంగతి మర్చిపో. కొత్తవాళ్లు రోజూ ఆఫీసుకు రావలసిందేనని పట్టుబట్టిన మా సూపర్‌వైజర్, నిన్న తనే ఇంటినుంచి వీడియో కాల్‌లో మాట్లాడారు. "ఇంట్లో కూర్చుంటే పని మీద ధ్యాస ఉండదమ్మా" అని అందరి ముందూ నాకు క్లాసు పీకుతుంటే, వెనక ఒకటే కుక్కర్ కూతలు! ఉండబట్టలేక, అచ్చం నీలాగే, "ముందు వెళ్లి స్టవ్ కట్టేయండి!" అని అరిచాను. అందరూ ఘొల్లున నవ్వారు. నా పని అయిపోయిందనుకున్నా. ఆయన కట్టేసి వచ్చి, తనూ నవ్వేసి, "మాడింది ఎలాగూ మాడింది. నువ్వు అడిగినట్టే వారంలో రెండు రోజులు వస్తే చాలు" అన్నారు.

నా పాత దుప్పటి పంపు. వంటింటి కుళాయి బాగుచేయించావా? నాన్నకు, బామ్మకు నమస్కారాలు. నీ అరుపు ఇంత దూరంలో కూడా పనికొస్తుందనుకోలేదమ్మా.

నీ చిన్నది