తడి ఇసుకలో సుజాత అడుగులు

ఘనత వహించిన చెంగయ్య మామకు, కోపం ఇంకా చల్లారని మేనల్లుడు విన్నవించేది.

ఈరోజు నీ సంవత్సరీకం. వడలు తిన్నాను గానీ నిన్ను క్షమించలేదు.

మన పాలెంలో క్రికెట్ ఆడే పిల్లలకు నువ్వే సెలెక్టర్‌వి. బంతి వైపు చూసేవాడివే కాదు. బౌలర్లను తడి ఇసుకలో పరిగెత్తించి, వంగి అడుగుల గుర్తులు చూసి తీర్పు చెప్పేవాడివి. పోలయ్య కూతురు సుజాత అడుగు చూసి అందరి ముందూ ఏమన్నావు?

"మడమ పక్కకి జారతా ఉండాది. ఇది బౌలరా? పోయి చేపల గంప మోసుకోమను."

ఆ పిల్ల ఏడ్చింది. "దాన్ని జిల్లా జట్టులో ఆడించి చూపిస్తా, కాసుకో" అని పందెం కట్టి, నీతో మాటలు మానేశాను. పందెం తేలకముందే నువ్వు పోయావు. అదీ ఒక తొండాటే.

నిన్న కావలిలో సెలెక్షన్లు జరిగాయి. సుజాత జిల్లా జట్టుకు ఎంపికైంది. బండి మీద తిరిగొస్తూ, "ఆ ముసలోడికి కళ్లు లేవని తేలిపోయింది" అన్నాను.

"ఉండాయన్నా," అంది వెనక కూర్చున్న సుజాత. "ఆయన తిట్టినాక రోజూ తడి ఇసుకలోనే పరిగెత్తినా, మడమ సరయ్యేదాకా."

చూశావా, నా గెలుపులోనూ వాటా కొట్టేశావు!

ఒడ్డున నీ ప్లాస్టిక్ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ప్రేమ అనుకోకు. నిన్ను తిట్టేటప్పుడు నువ్వు ఎదురుగా ఉన్నట్టుండాలి.

పందెం నేనే గెలిచాను మామా. కాదంటావా? అయితే లేచొచ్చి నా మొహం మీదే చెప్పు.