సౌండ్ చూడటం

మంగళవారం, గోదావరిఖని

సాయంత్రం, రేపు పిల్లలకు చెప్పే ఇంగ్లిష్ క్లాసు కోసం ‘సౌండ్’ అనే క్రియకు అర్థాలు రాసుకుంటున్నాను. చప్పుడు చేయడం, అనిపించడం. మా కాలనీ కింది బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మామయ్య నవ్వారు.

“గంతేనా బిడ్డా? బొగ్గుబాయిల పైకప్పును రాడ్‌తోని కొట్టి సౌండ్ చూస్తం. ఖంగుమంటే గట్టిగున్నట్టు. డబడబమంటే లోపల గుల్ల, జల్ది ఉర్కాలె.”

ఎట్లాగో చూపిస్తానని చేతికర్రతో వంటింటి గచ్చు మీద కొట్టారు. ఖంగుమంది. పొయ్యి దగ్గర కొట్టారు. డబడబమంది. మామయ్య నవ్వు ఆగిపోయింది. కర్రను మూలన పెట్టేశారు.

“పిల్లలకు గీ అర్థం చెప్పకు బిడ్డా.”

ఇప్పుడు ఆయన నిద్రపోతున్నారు. కర్ర మూలనే ఉంది. అయినా పొయ్యి దగ్గర డబడబమంటోంది. మా గచ్చును పైకప్పు అనుకుని, కింద నుంచి ఎవరో సౌండ్ చూస్తున్నారు.