మంగతాయారు మిషనుకు కొత్త ఇంజను

అబ్బాయ్ తాతబ్బాయీ,

అన్నం వార్చి పెట్టాను, పులుసు పొయ్యి మీద ఉంది. పిల్లలు బడినుంచి రాగానే పెట్టి, నువ్వూ తిను. నాయనమ్మేదని అడిగితే రేపు వస్తుందని చెప్పు. ఆవుకు కుడితి మర్చిపోకు.

నేనూ నీ పెళ్ళాం మంగతాయారూ గడ్డికోత మిషను బండికెత్తించుకుని ముక్తేశ్వరం రేవుకు వెళ్తున్నాం. గోదారి దాటి కాకినాడ వెళ్ళి, కొత్త ఇంజను బిగించుకునే వస్తాం. చక్రాలూ కత్తులూ బాగానే ఉన్నాయి కదా, పాత ఇనుముకి అమ్మేస్తానంటావేం?

"ఆడది తోస్తే ఇంజను పాడవ్వక ఏమవుద్దండీ" అని అరుగు మీద పదిమందిలో నవ్వావు. ఏడాదిగా కొబ్బరితోటలో గడ్డంతా ఆ పిల్లే కోసింది, మిషను ఏనాడూ ఆగలేదు. మిషను మేస్త్రి ఇంజనులో నూనె పొయ్యమంటే తలకు రాసుకునే కొబ్బరినూనె పోసిందెవరు? చలికి అది పేరుకుని ఇంజను బిగుసుకుపోయిందని ఆయన చెప్తే "ఆయ్" అని తలూపి, ఇంటికొచ్చి నింద పెళ్ళాం మీద వేశావు. నీ పరువు పోతుందని ఆ పిల్ల ఎవరితోనూ అనలేదు. నేను మాత్రం దారిపొడుగునా చెప్తాను.

అమ్మ

పాత ఇనుము కొట్టువాడు వస్తే, ఆ మిషను మా ఆవిడదండీ అని చెప్పు. నోరు రాకపోతే ఈ చీటీ చూపించు.