వెనక వరసలోంచి ఒక గొంతు

చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ మేమందరం ఒంట్లో కులాసాగానే ఉన్నాం, అక్కడ మీరూ అలాగే ఉండాలి. మా చిన్నదానికి ముందుపళ్లు రెండూ ఊడాయి. నవ్వమంటే మూతి బిగిస్తోంది. నీ కొడుకు చొక్కాలకి బొత్తాలు కుట్టడమే మిగిలింది. దర్జీ మేనల్లుడికే చిరుగుచొక్కా అని మీ వదిన ఎగతాళి.

మీ మామగారు గడియారాల కొట్టు మూసేసి ఉన్నట్టుండి మీ ఇంటికి ఎందుకొచ్చేశారని అడిగావు. "కళ్లు ఆనడం లేదమ్మా" అంటున్నారని రాశావు. ఆయన కళ్లకేం కాలేదు.

పాలకొట్టాయన మా బజారు సంఘానికి అధ్యక్షుడైతే నేనెంత సంబరపడ్డానో నీకు తెలుసు. పాత కమిటీ ఏళ్లతరబడి పట్టించుకోని మురుగుకాలవలోకి ఆయన పంట్లాం మడుచుకుని స్వయంగా దిగాడు. ఆనాటినుంచి మాకు పెద్దన్న అయ్యాడు. పోనుపోను, ఎవరు ఏదడిగినా "పాతవాళ్ల మనిషి" అని ముద్ర వేసేవాడు. మేమూ వంత పాడేవాళ్లం.

పోయిన నెల ఎన్నిక జరగాలి. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, "చీట్లూ పెట్టెలూ దొంగలకి. మనలో మనకి దాపరికమేంటి? నేను కావాలంటే చేతులెత్తండి, ఇకమీదట ఎన్నికల గొడవే ఉండదు" అన్నాడు. చేతులన్నీ లేచాయి. మీ మామగారు మాత్రం లేచి నిలబడ్డారు.

"నేనూ నీకే వేస్తాను నాయనా. కానీ చీటీ మీద వేస్తాను. వెయ్యననేవాడికి భయం ఉండకూడదు కదా."

పెద్దన్న నవ్వి, "ఈయనకి మీమీద నమ్మకం లేదట" అన్నాడు మాతో. అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది: "కూర్చోవయ్యా ముసలాయనా! జనం కంటే గొప్పోడివా?" ఇక అందరూ అందుకున్నారు. ఎవరో తోశారు, ఆయన పడిపోయారు. మర్నాటినుంచి ఆ కొట్టు గడప తొక్కినవాడు లేడు.

ఆ గొంతు నాదే, చెల్లాయీ.

ఆయన వియ్యాలవారి పిల్లాణ్ణని నన్నూ పాతవాళ్లలో కలిపేస్తారేమోనని భయపడ్డాను. భయంతో అరిచానని ఇప్పుడు అంటున్నాను గానీ, అరుస్తున్నప్పుడు ఎంత హాయిగా ఉందో! అదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. లేపబోతే ఆయన నా చెయ్యి అందుకోలేదు, కుర్చీ పట్టుకుని లేచారు. అయినా నీ దగ్గర నా పరువు కాపాడుతున్నారు.

నిన్న సమావేశంలో, చేపలవాళ్ల వరస బజార్లోంచి ఎత్తేస్తున్నానని పెద్దన్న చెప్పాడు. నేను లేచి, "చీట్లు పెట్టి అందర్నీ అడుగుదాం" అన్నాను. "కూర్చో" అన్నారు. మీ మామగారు తోస్తే గాని పడలేదు. నేను ఒక్క మాటకే కూర్చుండిపోయాను.

ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. అన్నయ్య పరువని ఒక్క ముక్క కూడా దాటెయ్యకు. రమ్మంటే వచ్చి కాళ్లమీద పడతాను. వద్దంటే, ఆ మాట కూడా ఉన్నదున్నట్టు రాయి.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని
అన్నయ్య