పిల్లి కాటుకి కారం

మంగళవారం, 2002 ఫిబ్రవరి

ఇవాళ మిరప కల్లంలో వీధిపిల్లి ఒకటి పక్కింటి రమణమ్మ కూతురి చెయ్యి కరిచింది. వెంటనే మా అత్త గుప్పెడు కారం పట్టుకొచ్చింది.

పోయినేడు నా కూతురు సుజాతని పిల్లి కరిస్తే ఇలాగే గాయానికి కారం అద్ది, "కుక్క కరిస్తే సూదులు గానీ పిల్లికెందుకే?" అంది. గుక్కెడు నీళ్లు గొంతు దిగక నా బిడ్డ ప్రాణం పోయింది. పిచ్చికుక్క జబ్బు పిల్లికీ వస్తుందని డాక్టరు చెప్పినప్పుడు ఈమె నా పక్కనే ఉంది!

ఆమె చేతిలో కారం నేలపాలు చేశాను.

"పెద్దదాన్నని కూడా లేదా నీకు?" అంది.

"ఇంకో పిల్లని పొట్టన పెట్టుకుంటావా అత్తా?" అని కల్లమంతా వినబడేలా అరిచాను.

సబ్బుతో చెయ్యి బాగా కడిగి, పిల్లని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. సూది పొడవగానే అది కెవ్వుమంది. రమణమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నా సుజాతకి ఆ ఏడుపు కూడా దక్కనివ్వలేదు ఆ ముసలిది...