టాంకు నిచ్చెన దగ్గర

అన్నియ్యా,

ఇవాళ కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్ జెట్టీలో మా నూనె ఓడ టాంకు కడుగుతుంటే సలీం లోపల స్పృహ తప్పి పడిపోయాడు. ఇక్కడికి దగ్గర్లోని మెటియాబ్రుజ్ మనిషి. టార్చి వేస్తే అడుగున బోర్లా పడి కనిపించాడు. వాళ్ళన్న కరీం అప్పుడే నిచ్చెన మీద కాలు పెట్టేశాడు. నేను వెనకనుంచి నడుం పట్టుకుని లాగాను.

"ఛాడో దాదా! వదులు! నా తమ్ముడు చచ్చిపోతున్నాడు!"

"లోపల గాలి లేదు. దిగితే నువ్వూ పోతావు."

మోచేత్తో నా మూతి మీద పొడిచాడు. గాలి సిలిండరు, మాస్కు వచ్చేదాకా ఏడుస్తూ నన్ను బూతులు తిట్టాడు. కింద సలీం కదల్లేదు. ఏటి చెయ్యను అన్నియ్యా? పట్టు మాత్రం వదల్లేదు.

చివరికి మా పైఅధికారి మేటు మాస్కు పెట్టుకుని దిగి, సలీంని తాడుతో పైకి పంపాడు. సాయంత్రం ఆస్పత్రిలో కళ్ళు తెరిచాడట.

"దిగకూడదని నీకెలా తెలుసు దాదా?" అనడిగాడు ఆ కబురు తెచ్చిన కరీం.

నీ సంగతి చెప్పాను. ఇలాగే పడిపోయిన జతగాడి కోసం నువ్వు ఊపిరి బిగబట్టి దిగావనీ, ఇద్దరి శవాలూ పైకి తీశారనీ.

ఆ రోజు నీ పక్కనే ఉండి కూడా నిన్ను పట్టుకోనిది నేనేనని మాత్రం చెప్పలేకపోయాను.

నీ తమ్ముడు